గంటకు దక్కిన ఆకుపచ్చ బిళ్ళ

"ముందు మీ చెయ్యి పెట్టండి సారూ. మీది చక్కగా బయటికొస్తే అప్పుడు నాది పెడతా."

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట, పెద్ద ఇస్త్రీ రోలరు ముందు నిలబడి, సూపర్‌వైజరు మొహం మీదే గంట అనే ఆవిడ అన్న మాట అది. రోలరుకు ముందుండే అడ్డుకమ్మి విరిగింది. అది లేకపోతే దుప్పటితో పాటు వేళ్ళూ లోపలికి పోతాయి. ఈ పూటకు ఎలాగో కానిచ్చెయ్యమన్నాడాయన. గంట తనే మీట లాగి యంత్రం ఆపేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆయన రోలరు వంక చూశాడు, తన చెయ్యి వంక చూసుకున్నాడు, మెకానిక్కును పిలవడానికి పోయాడు. దుప్పటి రెండో కొస పట్టుకున్న పెద్దమ్మ పడీ పడీ నవ్వింది.

గంట అసలు పేరు కాదు, గొంతును బట్టి వచ్చింది. పెద్దమ్మ అక్కడందరికీ పెద్దమ్మే. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఆ రోలరుకు జత. చెరో కొసా పట్టుకుంటారు. ఎవరి కంటికి తేడా కనిపించినా "ఆపు!" అని కేకెయ్యాలి. యంత్రం రొదను మించిన గొంతు కావాలి దానికి. ఇంట్లో మాత్రం ఆ గొంతే గంటకు చేటయింది. అత్త గయ్యాళి అన్నది, మొగుడు గయ్యాళి అన్నాడు, ఆఖరికి కన్నకూతురు కూడా "మెల్లగా మాట్లాడవే అమ్మా, పక్కింటివాళ్ళు వింటారు" అనేది.

అలాంటి రోజుల్లో ఆఫీసు నుంచి ఒక పిల్ల వచ్చింది. ప్రశ్నలడిగి ఎవరి స్వభావం ఏమిటో తేల్చేస్తుందట. "ఇందులో తప్పూ ఒప్పూ లేదమ్మా, మనసులో ఉన్న జవాబుకే గీత పెట్టండి" అన్నది. మీకు తొందరగా కోపం వస్తుందా? పైవాళ్ళకు ఎదురు చెబుతారా? కడుపు నింపే పని దగ్గర కూర్చుని, వస్తుందని ఎవరు గీత పెడతారు? అద్దెకు దిగేటప్పుడు ఇంటావిడ అడిగితే ఏం చెబుతామో అదే చెప్పారందరూ, నోట్లో నాలుక లేనివాళ్ళమని. పెద్దమ్మ మాత్రం, "కోపమా? ఎవరి మీదో చెప్పకుండా అడిగితే ఎట్లా తల్లీ?" అన్నది. ఆ పిల్ల నవ్వలేదు, ఏదో రాసుకుంది.

తర్వాత ఎవరి స్వభావానికి తగ్గట్టు వాళ్ళు కొంగుకు గుచ్చుకోవలసిన రంగు బిళ్ళలొచ్చాయి. పెద్దమ్మకు ఎర్రది. దురుసు మనిషి, యంత్రం దగ్గర కుదరదు, వెనక గదిలో మడతలు పెట్టుకోమన్నారు. గంటకు ఆకుపచ్చ, అంటే శాంత స్వభావం. ఇకమీదట ఆకుపచ్చకు ఆకుపచ్చే జత.

"చూశావా పెద్దమ్మా! నేను శాంతమట. చదువుకున్నవాళ్ళే తేల్చారు!"

"నువ్వు చెప్పిందే నీకు తిప్పి చెప్పారే పిచ్చిమొహమా. ముసుగేసుకుని అద్దం ముందు నిలబడి, అద్దం అబద్ధమాడదంటావేం?"

"నీకు ఎర్రదొచ్చిందని కుళ్ళు."

గంట ఆ బిళ్ళ ఇంటికి కూడా పెట్టుకుని వెళ్ళేది. గొంతు దించుకుంది. కూరలవాడు తూకంలో కొట్టేసినా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు పెద్దమ్మ కంటికి ఎవరిదో రవిక తొడుక్కున్నట్టు కనిపించేది.

అడ్డుకమ్మి మళ్ళీ విరిగింది. గంట చెప్పకపోలేదు. "వీలైతే కాస్త చూడండి సార్" అని సూపర్‌వైజరుకు మెత్తగా చెప్పింది. "రేపు చూద్దాం, మీరు సర్దుకుపోయే మనిషి కదా" అన్నాడాయన. ఆమె తలూపింది. అవతలి కొస పట్టుకున్న ఆకుపచ్చ అమ్మాయి, గంట చెయ్యి దుప్పటి వెంట పోవడం చూసి, "ఏమండీ... ఏమండీ..." అన్నది. యంత్రం రొదలో ఆ మాట ఆ అమ్మాయికే వినపడి ఉండదు. వెనక గదిలో పెద్దమ్మకు వినిపించింది గంట కేక. ఎన్నాళ్ళకో విన్న పాత గొంతు.

కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. ఆ ఆసుపత్రిలోనే, తాను ఇస్త్రీ చేసిన దుప్పటి కిందే పడుకోబెట్టారు. కమ్మి సంగతి తమకెవరూ చెప్పలేదన్నారు ఆఫీసువాళ్ళు. ప్రమాదం ఎదురుగా ఉన్నా ఆమె నోరెత్తదు, అది ఆమె స్వభావం, పరీక్షలోనే తేలింది, కాబట్టి తప్పు ఆమెదేనన్నారు. మర్నాడే విచారణ. అక్కడ ఆ మాట నెగ్గితే ఉద్యోగం పోయినట్టే.

పెద్దమ్మ మంచం అంచున కూర్చుంది. కట్టు వంక చూడలేక దుప్పటి అంచు సర్దింది.

"వాళ్ళన్నది నిజమేనేమో పెద్దమ్మా. నేను మెతకదాన్నేనేమో."

"నోర్ముయ్. తంతాను."

గంట మంచి చేత్తో పెద్దమ్మ కొంగు పట్టుకుంది.

"అయితే రేపు నువ్వు రా. నేనెంత గయ్యాళినో అందరి ముందూ చెప్పు. ఆ రోజు సూపర్‌వైజరు మీద ఎట్లా అరిచానో, అట్లాగే అరిచి చూపించు. నాకు గొంతు రావట్లేదు."