ఈత టీచరు తలలోని తెల్లమచ్చలు

ఈత నేర్పే ఆమెను పిల్లలు చేపక్క అనేవారు. ఒక ఉదయం కొలను అడుగు పలకలు ఆమె కుడికంటికి పొగమంచులో ఉన్నట్టు కనిపించాయి. కొన్నాళ్ళకు చూపు తేటపడింది. తరువాత కాళ్ళకు తిమ్మిరి వచ్చి, అదీ తగ్గింది. మళ్ళీ ఒకరోజు మెట్ల మీద కూలబడ్డాక నరాల డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది: మల్టిపుల్ స్క్లిరోసిస్. ఒంటిని కాపాడాల్సిన కణాలే దారితప్పి, నరాల మీది పొరను కొరికేస్తాయట.

"చెప్తే విన్నావా? చిన్నప్పట్నుంచీ ఆ నీళ్ళలో నానబట్టే ఇదంతా," అని వాళ్ళమ్మ కళ్ళొత్తుకుంది. ఆ రోజునుంచి చేపక్క కొలను వైపు వెళ్ళడం మానేసింది.

మరుసటి ఏడు డాక్టరమ్మ ఆమెను ఒక పరిశోధనకు పిలిచింది. ఈ జబ్బు కొందరిలో వచ్చిపోతూ ఉంటుంది, కొందరిలో మొదటినుంచీ మెల్లగా ముదురుతుంది. ఆ రకాలవాళ్ళ మెదడు స్కాన్లనూ, రక్తంలో ఈ జబ్బుకు కారణమని అనుమానిస్తున్న, కొందరికి గొంతువాపు జ్వరం తెచ్చి ఒంట్లోనే ఉండిపోయే ఒక వైరస్‌కు విరుగుడుగా ఒంట్లో పుట్టిన యాంటీబాడీలనూ పోల్చి చూడాలని డాక్టరమ్మ ఆలోచన.

స్కాన్ గది బయట పక్క కుర్చీలో, చేతికర్రలు ఒళ్ళో పెట్టుకుని, ఆ పరిశోధనకే వచ్చిన ఒక రిటైరైన లెక్కల మాస్టారు కూర్చున్నాడు.

"మీది వచ్చిపోయే చుట్టమా అమ్మా? నాది ఇల్లరికం అల్లుడు. గడప దాటడు," అన్నాడు.

చాలా రోజులకు చేపక్క పగలబడి నవ్వింది.

గొట్టంలాంటి యంత్రంలో పడుకోగానే టకటకమని మోత మొదలైంది. కాసేపటికి అది ఎక్కడో ఒడ్డున మోగుతున్నట్టయింది. తను నీలిరంగు నీటి అడుగున వెల్లకిలా ఉన్నట్టు, పైన పిల్లల కాళ్ళు మబ్బుల్లా కదులుతున్నట్టు తోచింది. ఆ నీళ్ళలోనే ఇంకో పిల్ల తేలుతోంది. గొంతు వాచి, జ్వరంతో మంచం పట్టిన పదహారేళ్ళ తనే. ఆ పిల్ల నుదుటిమీద ఎవరిదో చల్లని చెయ్యి ఉంది.

"కదలకుండా భలే పడుకున్నారే!" అన్న టెక్నీషియన్ మాటతో కళ్ళు తెరిచింది.

కొన్ని నెలలకు డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచింది. అమ్మ కూడా వచ్చింది. తన స్కాన్ చూపించడానికి మాస్టారు సరేనన్నాక రెండు స్కాన్లూ పక్కపక్కన చూపించింది.

"నరాల పొర దెబ్బతిన్న చోట్లే ఈ తెల్లమచ్చలు. మీ మెదడులో ఇవి ఎక్కువ. మాస్టారికి మచ్చలు తక్కువే గానీ, వెన్నుపాములో దెబ్బ ఎక్కువ. యాంటీబాడీలు మాత్రం ఇద్దరిలోనూ బాగానే ఉన్నాయి. మేం చూసిన ఈ కొద్దిమందిలో రకాన్నిబట్టి పెద్ద తేడా కనబళ్ళేదు."

"ఆ వైరస్ నీళ్ళలోంచే వచ్చిందా?" అంది అమ్మ.

"కాదమ్మా. ఎక్కువగా ఎంగిలితో వస్తుంది."

అమ్మ ముఖం పాలిపోయింది. "దీనికి పదహారో ఏట ఆ గొంతువాపు జ్వరం రాకముందంతా నా కంచంలోంచే ముద్దలు పెట్టేదాన్ని..."

"అది దాదాపు అందరిలోనూ ఉంటుందమ్మా, నాలోనూ ఉంది. కొందరికే జబ్బెందుకు వస్తుందో ఇంకా వెతుకుతున్నాం."

చేపక్క అమ్మ చెయ్యి పట్టుకుంది. "విన్నావుగా? తప్పు కొలనుదీ కాదు, నీదీ కాదు. లే, ఇంటికి పోదాం."

ఆ వారమే ఆమె మళ్ళీ నీళ్ళలో దిగింది. కాళ్ళు మొరాయించిన రోజు గట్టున కూర్చుని పాఠం చెప్పేది. మాస్టారిని కూడా రమ్మంది. గుండెల్లోతు నీళ్ళలో, చేతికర్రలు లేకుండా నిలబడి ఆయన ఖాళీ చేతులతో నీళ్ళు చిమ్మాడు. నేల మీద ఆయన నడక తరువాతా తగ్గుతూనే వచ్చింది. ఆమెకు మందులతో జబ్బు రాకపోకలు పలచబడ్డాయి. వారానికోసారి మాత్రం ఇద్దరూ కొలనులో దిగేవారు. అమ్మ గట్టున తువ్వాళ్ళు పట్టుకుని కూర్చునేది.