పులిహోర తిని ఏడ్చిన మనిషి

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మాస్టర్స్ చదివేటప్పుడు నాకు ప్రతి శనివారం పుణ్యం తప్పనిసరి. మా తెలుగు సంఘానికి పెద్దగా ఒక అంకుల్ ఉండేవారు. భీమవరం వైపు మనిషి, ఐటీ ఉద్యోగం. రోడ్డు మీద పడుకునేవాళ్ళకు వారం వారం అన్నదానం చేయాలని ఆయన సంకల్పం. సంకల్పం ఆయనది, పులిహోర కలిపేది ఆంటీ, డబ్బాలు మోసేది మేము, అంటే విద్యార్థులం. వెళ్ళకపోతే రేపు ఉద్యోగానికి రిఫరెన్స్ ఇవ్వరేమోనని మా భయం. సేవాభావం అనేది చాలావరకు అలాంటి భయాల నుంచే పుడుతుందని నాకు అక్కడే అర్థమైంది.

ఆయనకు రెండు నియమాలు. ఎవరి చేతిలోనూ చిల్లర పెట్టకూడదు, పెడితే తాగేస్తారు. ఫోటో తీయకుండా డబ్బా ఇవ్వకూడదు. రెండో నియమానికి కారణం ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

సూపర్‌మార్కెట్ గోడ పక్కన స్లీపింగ్ బ్యాగ్‌లో ఒక తెల్లాయన కూర్చునేవాడు. వయసు యాభై దాటి ఉంటుంది. తాగుడు మనిషని దూరం నుంచే తెలిసేది, దాచుకునే ప్రయత్నం కూడా చేసేవాడు కాదు. ఆ శనివారం అంకుల్ స్వయంగా డబ్బా అందించారు. అతను నవ్వి, చెంచాతో ఇంత తీసుకుని, తిరగమోతలోని ఎండుమిరపకాయను ఏదో కూరగాయ అనుకుని నమిలేశాడు. ముఖం కందిపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారాయి.

“తియ్యి, తియ్యి! ఆనందబాష్పాలు రా అవి!” అన్నారు అంకుల్.

“మిరపకాయ అంకుల్…”

“ముందు నువ్వు ఫోటో తియ్యి.”

తీశాను. నాతో ఫ్లాట్‌లో ఉండే వరంగల్ కుర్రాడు మాత్రం డబ్బా కింద పెట్టి, పరుగున నీళ్ళ బాటిల్ తెచ్చి ఇచ్చాడు. ఆ తెల్లాయన కాస్త తేరుకుని, “థాంక్స్ మేట్, సిగరెట్ ఉందా?” అని అడిగాడు. మావాడు తన పెట్టెలోంచి ఒకటి తీసిచ్చి, తనూ ఒకటి వెలిగించుకుని పక్కన కూర్చున్నాడు.

తిరుగుదారిలో కారులో అంకుల్ మండిపడ్డారు. “మనం అన్నం పెట్టి బాగుచేస్తుంటే నువ్వు వ్యసనం పెంచుతావా?”

“ఆయన సిగరెట్ అడిగిండు అంకుల్, నా దగ్గర ఉండె, ఇచ్చిన. పులిహోర అయితే ఆయన అడగలే గదా.”

సాయంత్రానికి ఫోటో ఫేస్‌బుక్‌లో ఉంది. ‘ఒక ముద్ద అన్నం, ఒక కన్నీటి చుక్క, ఇదీ మన సంస్కృతి’ అని పైన రాశారు. ఎవరో దాన్ని కోవెంట్రీ వాళ్ళ గ్రూపుల్లో కూడా పంచారు. జనం చేతులు జోడించిన బొమ్మలు కుప్పలుగా పెట్టారు. ఏడుస్తున్న మనిషిని ఎందుకు ఏడుస్తున్నావని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

కొన్నాళ్ళకు నేను పాలు కొనడానికి వెళ్తుంటే ఆ గోడ పక్కన మనిషే నన్ను పిలిచాడు. గొంతులో నవ్వు లేదు.

“ఆ ఫోటో తీసింది నువ్వే కదా? అది నా కూతురు చూసింది. పక్క ఊరు లెస్టర్‌లో ఏదో గోడౌన్‌లో పని చేస్తున్నానని ఆమెకు చెప్పుకున్నాను. ఫోన్ చేసి ఒకటే ఏడుపు. దాన్ని తీసేయించు మేట్.”

నేరుగా అంకుల్ ఇంటికి వెళ్ళాను. లోపల విందు నడుస్తోంది. సోఫాలో ఆయన, చేతిలో గ్లాసు, చుట్టూ మిత్రులు. విషయం వ్యసనం.

“అంతా విల్‌పవర్‌లో ఉంటుందండీ,” అంటూ గ్లాసు మళ్ళీ నింపుకున్నారు. “వీళ్ళకి అదే లేదు.”

ఖరీదైన సీసాలోంచి సోఫా మీద తాగితే అభిరుచి, బీర్ క్యాన్‌లోంచి గోడ పక్కన తాగితే వ్యసనం. మా కోర్సులో ఎథిక్స్ అని ఒక సబ్జెక్టు ఉండేది గానీ, ఈ తేడా అందులో చెప్పలేదు.

కూతురి సంగతి చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టకుండానే, “తీసేస్తే అన్ని లైకులూ పోతాయి కదా నాన్నా? అయినా మంచిదేగా, కూతురికి తండ్రి ఆచూకీ దొరికింది. అది కూడా రాద్దాం,” అన్నారు.

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆంటీ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చారు.

“ఏవండీ, పిల్లాడు చెప్పినట్టు తీసెయ్యండి. లేదంటే పోయిన వారం మీరు ఇదే సోఫాలో బూట్లతో పడి నిద్రపోయిన ఫోటో నా దగ్గరుంది. అది కూడా పెడతాను. మన అమ్మాయి యూనివర్సిటీ నుంచి చూస్తుంది.”

మిత్రులంతా బజ్జీల వైపు చూడసాగారు. అంకుల్ ఫోన్ తీశారు.

మర్నాడు ఫోటో తీసేశారని చెబుదామని గోడ దగ్గరికి వెళ్తే అతను తలూపి, “మంచివాడివి. ఒక క్యాన్‌కి చిల్లర ఉందా?” అన్నాడు. శాండ్‌విచ్ కొనిస్తానన్నాను. “ఆకలేస్తే అదే అడిగేవాణ్ణి,” అన్నాడు. ఇస్తే అతని కాలేయం నా లెక్కలోకి వస్తుందా? ఇవ్వకపోతే అతను మానేస్తాడా? రెంటికీ జవాబు తెలియక జేబులో ఉన్నది ఇచ్చేశాను. నా ముందే లోపలికి వెళ్ళి బీర్ క్యాన్ కొనుక్కొచ్చాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ చిల్లర ఇచ్చి అతని మీద కొంత అధికారం కొనుక్కున్నాననుకున్నానని ఆ కోపం వల్లే తెలిసింది.

తర్వాతి ఆదివారం అతని కూతురు వచ్చింది. మా ఫ్లాట్ కుర్రాడూ నేనూ రోడ్డుకి ఇటువైపు నుంచి చూశాం. ఆమె మందపాటి కోటు తెచ్చి అతనికి తొడిగి, జిప్ మెడ దాకా లాగి, ఆ తర్వాత గట్టిగా తిట్టింది. అతను బడిపిల్లాడిలా తలవంచుకుని నిలబడ్డాడు. ఇద్దరూ కెఫేలోకి వెళ్ళారు. చాలాసేపటికి ఆమె ఒక్కతే కళ్ళు తుడుచుకుంటూ బస్ స్టాప్ వైపు నడిచింది. అతను కోటుతో సహా తన గోడ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

“ఫోటో తియ్యాల్నా అన్నా?” అన్నాడు మావాడు.

నోరు మూసుకోమన్నాను. నవ్వుకుంటూ రోడ్డు దాటి అతని పక్కన కూర్చున్నాడు. నేను కూడా వెళ్ళాను. కోటు బాగుందని చెప్పాను.

“మానేస్తే క్రిస్మస్‌కి ఇంటికి రమ్మంది,” అన్నాడతను.

“మానేస్తారా?”

“ప్రయత్నిస్తానని చెప్పాను,” అంటూ చేతిలోని క్యాన్‌ని ఒకసారి చూసుకుని, మాకు కనబడకుండా కోటు లోపల పెట్టుకున్నాడు.