అడవి లైను వారం ఆకలి

ములకలపల్లి దగ్గర ఒక ఊళ్లో నర్సుగా చేసిన పదకొండేళ్లలో నేను ఎక్కువగా తిట్టింది జంపక్కనే. బస్సు డ్రైవరు సీతయ్య భార్య. షుగరు ఉందని తేలినా నోరు కట్టుకోలేదు. కాలి బొటనవేలి పుండు రెండు నెలలుగా మానడం లేదు. ఇలాగే తింటే వేలు తీసేయాల్సి వస్తుందని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. అయినా నేను వెళ్లేసరికి ఆమె దవడ ఆడుతూనే ఉండేది.

ప్రతి శనివారం ఆమె మూత్రం పరీక్ష చేసేదాన్ని. నీలం మందులో చుక్కలు వేసి కాచితే ఒక వారం ఆకుపచ్చగా ఆగేది, మరుసటి వారం షుగరు పెరిగి ఇటుక రంగుకు తిరిగేది. తిండిపోతని తేల్చేశాను. ఆ రంగు సీతయ్య డ్యూటీని బట్టి మారుతోందని నా మట్టిబుర్రకు తట్టలేదు. ఆయనకు ఒక వారం ఖమ్మం లైను, ఒక వారం అడవి లైను. అది ఎనభై ఏడో సంవత్సరం. ఆ అడవి దారిలో నక్సలైట్లు అప్పటికే రెండు బస్సులు తగలబెట్టారు.

ఒక గురువారం కట్టు మార్చడానికి వెళ్లాను. అది అడవి లైను వారం. మధ్యాహ్నం ఒంటిగంటకు రావాల్సిన సీతయ్య బస్సు మూడున్నరైనా రాలేదు. జంపక్క వంటింట్లో నిలబడి తింటోంది. కూర లేదు, చారు లేదు, వట్టి అన్నం. నన్ను చూసినా చెయ్యి ఆగలేదు. గిన్నె అడుగు కనబడ్డాక ఆగింది.

అది సీతయ్యకని మూతపెట్టి ఉంచిన అన్నం.

"ఆయన కూడు తిన్న, సిస్టరమ్మా. ఇగ రాడేమో."

నాకూ భయమేసింది. తిట్టడానికి నోరు రాలేదు. ఆకలైందా అని మాత్రం అడిగాను.

"ఆకలి కాదు. గుండె దడదడ కొట్టుకుంటది. నోట్ల ఏదన్న ఉంటే జెర ఆగుతది."

ఇన్నేళ్లలో నేను ఆ మాట అడగనే లేదు. సిగ్గేసింది. ఆయనకు మళ్లీ వండమన్నాను. ఎసరు మరిగేదాకా ఆ భయమేదో నాకు చెప్పమన్నాను. బస్సు ఆపినట్టు, ఆయన్ని దించినట్టు, మంట లేచినట్టు, రోజూ కళ్ల ముందు ఏం కనబడుతుందో ఏడుస్తూ చెప్పింది. బెల్లం డబ్బా పక్కనే ఉన్నా చెయ్యి అటు పోలేదు.

నాలుగున్నరకు సీతయ్య వచ్చాడు. టైరు పంక్చరట. ఆయన వేడన్నం ముందు కూర్చున్నాక, జరిగిందంతా నేనే చెప్పాను. ఇకనుంచి బస్సు ఆలస్యమైతే, గిన్నె మీద చెయ్యి పడకముందే నా దగ్గరికి వచ్చి భయం చెప్పుకోవాలని జంపక్కతో గట్టిగా అన్నాను. ఆమె తలూపింది.

సీతయ్య ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు.

"అడవి లైను వారం ఈమె కట్టిచ్చిన సద్ది నాకు గొంతు దిగదు, సిస్టరమ్మా. అడవి దాటినంక పారబోస్త. ఆమెకు మీరున్నరు. స్టీరింగు పట్టుకొని నేనెవరికి చెప్పుకోవాలె?"

మర్నాడు కూడా ఆయనకు అడవి లైనే.