శంషాబాద్ టీకొట్టు దగ్గర రివర్స్ గేరు

వారానికి మూడు రోజులు కందుకూరు వెళ్లి అక్కడి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతాను. అత్తాపూర్‌లోని మా ఇంటి నుంచి బస్సులు మారుతూ వెళ్తే సగం పూట దారిలోనే పోతుంది. అందుకే మా పాత డీజిల్ కారు లేకపోతే నాకు ఆ ఉద్యోగం లేనట్టే. ఆ కారును అమ్మేద్దామని మావారు నిశ్చయించారు. ఆదివారం చూడటానికి ఎవరో వస్తున్నారు కూడా. వానాకాలం మొదలైనప్పటి నుంచి మొదటి గేరు వేయాలంటే బతిమాలుకోవాల్సి వస్తోంది, రివర్స్ వేస్తే కరకరమంటోంది. మాకు తెలిసిన మెకానిక్ గేర్‌బాక్స్ దించి చూడాలన్నాడు. ఇంత పాత బండికి అంత ఖర్చు దండగని ఈయన తేల్చేశారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన నడుపుతున్నప్పుడు చప్పుడొస్తే బండి పాతబడినట్టు, నేను నడుపుతున్నప్పుడు వస్తే నాకు క్లచ్ తొక్కడం రానట్టు.

గురువారం ఆయనకు విశాఖపట్నం విమానం ఉంది. ఆయన్ను దింపి అటు నుంచి అటే కందుకూరు వెళ్దామని తెల్లవారగానే బయలుదేరాం. ఆ వేళకు ఆరాంఘర్ దగ్గర రద్దీ ఉండదు, ముప్పావు గంటలో విమానాశ్రయం చేరిపోవచ్చు. ఎనిమిది దాటాక అయితే రెట్టింపు సమయం పెట్టుకోండి. దారి పొడవునా ఈయన నా ఎడమ కాలినే చూస్తూ కూర్చున్నారు. "పూర్తిగా తొక్కు" అన్నారు. "పూర్తిగానే తొక్కుతున్నానండీ" అన్నాను. డిపార్చర్ దగ్గర సామాను దింపుకుంటూ, "జాగ్రత్తగా నడుపు, ఆదివారం దాకా నిలబడితే చాలు" అన్నారు. నిలబడాల్సింది బండా, నేనా అన్నది చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. అక్కడ మనిషిని దింపి వెంటనే కదిలిపోవాలి కాబట్టి జవాబు చెప్పే వీలు కూడా లేకపోయింది.

శంషాబాద్ ఊరివైపు వచ్చి, క్యాబ్‌ల వాళ్లు ఆగే ఒక టీకొట్టు ముందు బండి ఆపాను. అక్కడ పదిహేను రూపాయలకే మంచి అల్లం టీ దొరుకుతుంది. తాగేసి వెనక్కి తీద్దామని రివర్స్ వేస్తే ఎప్పటి చప్పుడే వచ్చింది. నలుగురూ ఇటు తిరిగి చూశారు. పక్క క్యాబ్ డ్రైవర్ గ్లాసు పట్టుకునే వచ్చాడు.

"ఏందక్కా, గేర్ పడ్తలేదా? జర ఇంజన్ బంద్ చేసి ఏసి చూడుండ్రి."

ఇంజన్ ఆపి వేశాను. రివర్స్‌తో సహా అన్ని గేర్లూ మెత్తగా పడ్డాయి.

"గిట్ల పడ్తున్నయంటే గేర్‌బాక్స్ మంచిగనే ఉన్నట్టు. క్లచ్ ప్లేటే ఖలాస్ అయింది. ఇగ మార్చుడే" అన్నాడు.

సగం మాట నాకు నచ్చింది, సగం నచ్చలేదు. ప్లేటు అరిగితే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుందే తప్ప బండి వేగం అందుకోదు. పొద్దున ఫ్లైఓవర్ మూడో గేరులో చక్కగా ఎక్కింది. ఆ మాటే అన్నాను. "గట్లయితే ఆయిల్ చూడాలె" అంటూ బానెట్ ఎత్తాడు. క్లచ్ ఆయిల్ గీత దాకా ఉంది. అంటే లోపం అదీ కాదు.

ఇంజన్ తిరుగుతుంటేనే పేచీ పెడుతోందంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. మరి నేను పూర్తిగానే తొక్కుతున్నానే. తలుపు తీసి, వంగి, పెడల్‌ను చేత్తో కిందికి నొక్కాను. చివర్లో గట్టిగా ఆగలేదు, దిండు మీద ఆనినట్టు మెత్తగా ఆగింది. దాని కింద మ్యాట్ ఉంది. అది ఎత్తితే ఇంకో మ్యాట్, దాని కింద మడత పెట్టిన పాత తువ్వాలు, ఆ కింద బండితో పాటు వచ్చిన మ్యాట్, ఇన్నేళ్లయినా మెరుస్తూ.

అప్పుడు గుర్తొచ్చింది. బురదకు అసలు మ్యాట్ పాడవుతుందని మావారు తొలివాన పడగానే ఇవన్నీ పరిచారు. మా ఇంట్లో రిమోట్‌కు కవరు, సోఫాకు దుప్పటి, ఆ దుప్పటి మాయకుండా దాని మీద ఇంకో దుప్పటి. అసలు మ్యాట్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేశాను. పెడల్ రెండు వేళ్ల మేర ఇంకా కిందికి దిగింది. ఇంజన్ వేసి రివర్స్ వేశాను. చప్పుడు లేదు. మళ్లీ వేశాను. లేదు.

"ఏందక్కా, కాళ్ల కింద పరుపు ఏసుకున్నరా?" అని డ్రైవర్ నవ్వాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ నిజంగానే నాకు నడపడం రాదేమో అనుకున్నాను.

ఆయనకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. అంతా విన్నారు. తర్వాత, "ఆ మ్యాట్లు పారేయకు, డిక్కీలో పెట్టు" అన్నారు.

"పెడతాను. ఆదివారం వాళ్లను రావద్దనండి. బండి నాకు కావాలి" అన్నాను.

అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి తుక్కుగూడలో దిగి, శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే కందుకూరు. టోల్ ఫాస్టాగ్‌లోనే పోతుంది. దారిలో అవసరం లేకపోయినా ఒకటి రెండుసార్లు గేరు తగ్గించి మళ్లీ పెంచాను, ఊరికే, ఆ మెత్తదనం కోసం.

మీ పాత బండిలో గేర్లు మొరాయిస్తే, దాన్ని విప్పించే ముందు ఇంజన్ ఆపి గేర్లు వేసి చూడండి. అప్పుడు మెత్తగా పడితే పెడల్‌ను చేత్తో అడుగుదాకా నొక్కి, కింద ఏముందో చూడండి. మా మటుకు మేము ఇంకో ఆరు నెలలు ఆ చప్పుడుతోనే తిరిగి ఉంటే ప్లేటూ, గేర్లూ నిజంగానే పోయేవి, నేనే పోగొట్టానని అందరూ అనేవారు, నేనూ నమ్మేదాన్ని. ఆదివారం ఎవరూ రాలేదు. మావారే వీధిలో బండిని ముందుకూ వెనక్కూ నడిపి చూసుకుని, "బండి బాగానే ఉంది" అన్నారు. నేను బాగా నడుపుతానని మాత్రం అనలేదు. సోమవారం నేను బయలుదేరుతుంటే బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఈసారి జాగ్రత్తలేవీ చెప్పలేదు.