వియ్యపురాలి అడవి కూర

మా వియ్యపురాలు పోయిన మంగళవారం భద్రాచలంలో కన్నుమూసింది. పొద్దెక్కినా గుమ్మంలో పాల ప్యాకెట్ అట్లాగే ఉండడం చూసి పక్కింటివాళ్లు తలుపు తీయించారట. నిద్రలోనే పోయింది. ఫోను కొత్తగూడెంలో ఉన్న మా కోడలికి వచ్చింది. ఒక్కతే బిడ్డ. ఆ అమ్మాయి ఏడవలేదు. వంటింటి గడప మీద కూర్చుని, "ఆదివారం రమ్మన్నది అత్తమ్మా. వచ్చే వారం వస్తనన్న. నా మీద కోపంతోనే పోయింది" అన్నది. అప్పటినుంచి చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు.

పోయినామె గురించి రాయబోతూ ముందు కోడలి ఉపవాసం గురించి రాయడానికి కారణం ఉంది. ఎదుటి మనిషి తినకుండా కూర్చుంటే ఓర్చుకోలేని మనిషి మా వియ్యపురాలు.

ఆమె, ఆమె భర్త చాలా ఏళ్లు బ్యాంకాక్‌లో ఒక గెస్ట్ హౌస్‌లో పనిచేశారు. ఆయన లెక్కలు చూసేవాడు, ఆమె వంటింట్లో సాయం చేసేది. అక్కడి వంటామె దగ్గర థాయ్ కూరలు నేర్చుకుంది. భర్త పోయాక బిడ్డను తీసుకుని భద్రాచలం వచ్చేసింది. సంబంధం కుదిరిన కొత్తలో మమ్మల్ని భోజనానికి పిలిచి, కొబ్బరిపాలతో ఆకుపచ్చ కూర వండి పెట్టింది. ఆ కూరకు దుంపరాష్ట్రం కావాలి. చూడడానికి అల్లంలాగే ఉంటుంది, ఘాటు వేరు. పచ్చిది దొరక్క మూలికల దుకాణంలో ఎండుది తెచ్చి, పచ్చిదైతే ఎంత వేస్తారో అంతే వేసింది. నేను మర్యాదకు తింటున్నాను. మా ఆయన మాత్రం రెండు ముద్దలు తిని, "కూర తింటున్నమా, దగ్గు మందు తాగుతున్నమా వదినా?" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమెనే. "అన్నయ్య నాలుకకు సెలవు లేదు" అని గిన్నె తీసేసి, నిమిషాల్లో కోడిగుడ్డు పొరటు చేసి పెట్టింది. ఆ వానాకాలమే ఎవరితోనో చెప్పి దుంప తెప్పించి నల్లా పక్కన పాతింది.

నేను సైన్స్ టీచర్‌గా రిటైరయ్యాను. కొలత లేనిదే ఉప్మా కూడా చేయను. ఆమె చేతి అంచనాతో వండేది. మా ఇద్దరికీ వంటింట్లో కుదరదని అందరూ అనుకున్నారు. నిజానికి కుదిరింది, ఎందుకంటే ఆమెకూ పద్ధతులుండేవి. మసాలా మిక్సీలో వేయనిచ్చేది కాదు. "మిక్సీ కోస్తది వదినా, రోలు నలుపుతది. నలిగితేనే వాసన బయటికొస్తది" అనేది. ముందు నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం లాంటి గట్టివి, ఆఖరున వెల్లుల్లి, ఉల్లి. కొత్తిమీర వేళ్లు పారేస్తే ఊరుకునేది కాదు. కూరగాయలామె వేళ్లు కోసి కట్ట చేతికిస్తే, "తల నాకిచ్చి కాళ్లు నువ్వు వెట్టుకుంటివా?" అని అడిగి మరీ తీసుకునేది. నారింజ జాతి ఆకొకటి ఆ కూరల్లో వేస్తారట. అది దొరక్కపోతే దబ్బ చెట్టు లేతాకు మధ్య ఈనె తీసి సన్నగా తరిగి వేసేది.

మనవాళ్లకు ఏది వడ్డించినా "ఇది దేనికి మంచిది?" అని అడగడం అలవాటు. నేనూ అడిగాను. దుంపరాష్ట్రం కడుపుబ్బరానికి, నిమ్మగడ్డి జలుబు చేసినప్పుడు ఒళ్లు తేలికపడడానికి, దబ్బాకు వాసన ఆకలి పుట్టడానికి అని అక్కడివాళ్లు అంటారని చెప్పింది. చెప్పి, "నేనైతే మందని పెట్టను. మందంటే నోరు మూసుకుంటది" అన్నది.

మా ఆయనకు గుండె దగ్గర స్టెంట్ వేశాక డాక్టరు కొబ్బరి, నూనె తగ్గించమన్నాడు. నేను ఆయన కంచంలో ఉడికించిన సొరకాయ పెట్టడం మొదలుపెట్టాను, ఆయన అలగడం మొదలుపెట్టాడు. ఆమె బస్సెక్కి వచ్చి కొబ్బరిపాలు లేని కూర వండింది. వాళ్ల భాషలో దానికి అడవి కూర అనే అర్థం వచ్చే పేరుందట. కొబ్బరి చెట్లు లేని అడవి ప్రాంతాల వంట. పలుచటి పులుసులో నాటుకోడి, గుండ్రటి వంకాయలు, మిరియాలు, వెదురు కొమ్ములు, అంటే లేత వెదురు మొలకలు. వెదురు కొమ్ములను సంతలో కోయ ఆడవాళ్ల దగ్గర కొని, ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెట్టేది. ఆ నీళ్లు కడుపులోకి పోకూడదని నాకు రెండుసార్లు చెప్పింది. "సముద్రం పక్కన కూర సముద్రం పక్కనోళ్లకు. మన ఏజెన్సీకి ఇదే వదినా" అన్నది. మా ఆయన కళ్లు, ముక్కు తుడుచుకుంటూ తిన్నాడు. అలక ఆరోజుతో పోయింది.

కోడలి కాన్పు పుట్టింట్లో జరగాల్సింది. ఆ ఏడు గోదావరి పొంగి వాళ్ల వీధిలోకి నీళ్లొచ్చాయి. అందుకని బిడ్డ మా ఇంట్లో పుట్టింది, అమ్మమ్మే చుట్టంలా వచ్చింది. బాలింతకు నేను పథ్యం పెట్టాను. వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, వేడి నీళ్లు. కోడలు వాసన చూసి గోడవైపు తిరిగేది. పసిపాప పాలు చాలక ఏడ్చేది. వియ్యపురాలు బీరకాయ, గుమ్మడికాయ, మిరియాలు, ఎండు రొయ్యలతో పలుచటి పులుసు కాస్తానన్నది. అక్కడ బాలింతలకు అదే పోస్తారట. రొయ్యలు వద్దన్నాను. ఆమె వాదించలేదు. రొయ్యలు తీసేసి మిరియాలు నన్నే వేయమన్నది. "పథ్యమంటే నోరు కట్టేసుడు కాదు వదినా. తినబుద్ధి పుట్టించుడు" అన్నది. ఆ పులుసు వల్లే పాలు పడ్డాయని నేను రాయను. కోడలు కడుపునిండా తిన్నది, పాలు పడ్డాయి. రెండూ నేను చూశాను.

గురువారం భద్రాచలంలో పిట్టకు పెట్టాము. మా వైపు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, ఏటి ఒడ్డున విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా ఉన్నారని నమ్మకం. అది ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ తినరు. ఏం వండాలో చెప్పమంటే కోడలు ఎవరినీ చేయి పెట్టనివ్వలేదు. తల్లి రోటి ముందు కూర్చుని తనే నూరి అడవి కూర వండింది.

కాకులు వచ్చాయి. ఒకటి విస్తరి దాకా నడిచి, తల వంచి చూసి, ఎగిరిపోయింది. ఇంకొకటి ఇసుకలోనే నిలబడింది. ఎండ ముదిరింది. వియ్యపురాలి తోటికోడలు, "మనసుల ఏదో పెట్టుకొని పోయినట్టున్నది" అన్నది. చెడ్డ మనసుతో అన్నది కాదు. కానీ కోడలు ఇసుకలో కూలబడింది. "చెప్పిన గద అత్తమ్మా" అన్నది, అంతే.

ఆచారాల విషయంలో నేను సడలించే మనిషిని కాను. మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా గిన్నె మూత తీసి అన్నంలో కూర కలిపి, ముద్ద కోడలి నోటి దగ్గర పెట్టాను. తోటికోడలు, "పిట్ట ముట్టలేదు వదినా" అన్నది. నేను కోడలితోనే మాట్లాడాను.

"మీ అమ్మ ఎన్నడన్న ఎవరినన్న ఆకలితోని కూసోబెట్టిందా? ఎవరి మీద కోపమొచ్చినా అన్నం పెట్టినంకనే తిట్టేది. తిను."

నోరు తెరిచింది. నమిలింది. ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"అత్తమ్మా, దీంట్ల ఉప్పు లేదు."

పోయినవాళ్లకు పెట్టేది రుచి చూడకూడదు. చూడకుండా వండింది, ఉప్పు మరిచిపోయింది. తోటికోడలు ఒక మెతుకు నోట్లో వేసుకుని, "అవ్, చప్పగున్నది" అన్నది. "మా అక్కకు చప్పటి కూర పెడితే మనిషే ముట్టదు, పిట్టేం ముడతది?" కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే, మంగళవారం నుంచి రాని ఏడుపు వచ్చింది. ఏడ్చినంతసేపు ఏడ్వనిచ్చాము.

తర్వాత సంచిలోంచి ఉప్పు పొట్లం తీసి, గిన్నెలో వేసి కలిపి, ఈసారి నాలుక మీద వేసుకుని చూసింది. ఎవరం వద్దనలేదు. విస్తరిలో పాతది తీసి కొత్తగా వడ్డించి వచ్చి నా పక్కన కూర్చున్నది. ఆకలి అవుతోందన్నది. అందరం తలా ఒక ఆకు పరుచుకున్నాము. కూర ఘాటుకు ముక్కులు కారుతున్నాయి, మా ఆయన తువ్వాలు చేతులు మారుతోంది.

పిట్ట ఎప్పుడు ముట్టిందో మేము చూడలేదు. తింటున్నాము. తలెత్తేసరికి విస్తరిలో కోడిముక్కలు లేవు. వెదురు ముక్కలు మాత్రం, చిన్నపిల్లలు ఏరి పెట్టినట్టు, ఆకు అంచున మిగిలి ఉన్నాయి.