ఆవిడ సొంత గొంతు

ఆవిడకు పొగరని ఏలూరు నుంచి కొల్లేరు లంక గ్రామాల దాకా అందరూ అన్నారు. అందరికంటే గట్టిగా నేనన్నాను. ఆవిడ ఎందుకు నోరు విప్పలేదో తెలిసి కూడా అన్నాను.

అప్పట్లో, అంటే రెండువేల తర్వాతి ఏళ్లలో, తాడేపల్లిగూడెంలో నాకో రికార్డింగ్ గది ఉండేది. ఎన్నికలొస్తే ఆటోల్లో తిప్పే ప్రచారం సీడీలు అక్కడే తయారుచేసేవాణ్ణి. ఆ ఏడు మా అభ్యర్థి భార్య ఒకప్పటి కథానాయిక. తెలుగు ఆవిడ భాష కాదు. తెరమీద ఎప్పుడూ వేరొకావిడ సన్నటి గొంతుతో డబ్బింగ్ చెప్పేది. "వేషాలు తగ్గాక లీడర్ని పట్టింది" అని టీకొట్టు దగ్గర నవ్వుకునేవాళ్లం. ఆ మాట మొదలుపెట్టింది బహుశా నేనే.

ఒక ఉదయం ఆవిడ కాగితంతో వచ్చింది. వంకర అక్షరాలతో తనే తెలుగులో రాసుకుంది. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక పనిలేక కూర్చున్న ఆడవాళ్లతో చెప్పాల్సిన నాలుగు మాటలు. బొంగురు గొంతు. తప్పు వచ్చిన చోటల్లా ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది.

"బాగుందాండీ?"

"బ్రహ్మాండమండీ మేడమ్."

"మద్రాసులోనూ అలాగే అనేవారండీ. అని వేరేవాళ్ల చేత చెప్పించేవారు. ఇది మాత్రం నా గొంతుతోనే వెళ్లాలి."

"మీ గొంతే వెళ్తుందండీ" అని మాటిచ్చాను.

ఆవిడ వెళ్లాక మళ్లీ విన్నాను. ఒళ్లు మండింది. ఈ గొంతుకి ఓట్లు పడతాయా? అభ్యర్థికి ఫోన్ చేశాను. "జనానికి తెలిసిన గొంతు పెట్టవయ్యా. ఆవిడకి నేను చెప్తాలే" అన్నాడు. ఆయన చెప్పలేదు. అయినా ఆ సలహా నాది. భీమడోలులో ఉండే ఒక టీచరమ్మను పిలిపించి, అవే మాటలు సినిమాల్లోలా సన్నటి గొంతుతో చదివించాను. మేడమ్ చదివింది చెరిపేశాను.

మూడో రోజు ఒక లంక గ్రామంలో సభ. మైకు సెట్టు నాదే. మా ఆటో అప్పటికే ఆ సీడీ వేసుకుని ఊరంతా తిరిగి వచ్చింది. ఆవిడ జీపు మీద నిలబడి రెండు మాటలు మాట్లాడిందో లేదో, ముందువరసలో ఒకావిడ లేచింది.

"ఏవండీ, ఇందాక ఆటోలో మాట్లాడినావిడ రాలేదాండీ?"

"ఈవిడ డూపే!" అంది పక్కనున్నావిడ. జనం గొల్లుమన్నారు.

ఆవిడ దిగి నా దగ్గరకొచ్చింది. "నేను చదివింది ఉందా?"

"కంప్యూటర్ పాడైందండీ" అన్నాను.

"మద్రాసులో వాళ్లు నన్ను అడక్కుండా చేసేవారు. మీరు మాటిచ్చి మరీ చేశారు" అని మైకు నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత ప్రచారమంతా జీపులో చేతులు జోడించి నిలబడిందే తప్ప, ఎక్కడా మాట్లాడలేదు. ఆయన గెలిచాడు.

గెలిచిన కొన్నాళ్లకు భీమడోలు రైలు గేటు దగ్గర కిరాణాకొట్టులో ఉన్నాను. "దండం పెడుతుంది గానండీ, పలకదు. ఎంత పొగరో!" అన్నాడు కొట్టాయన.

"సినిమావాళ్లు కదండీ. మనతో మాట్లాడితే వాళ్ల సొమ్మేం పోతుందో!" అన్నాను.

అని తల తిప్పితే, గేటు పడి ఆగిన కారులో ఆవిడ. అద్దం దించే ఉంది. అంతా వింది. అక్కడున్న పదిమంది ముందు ఒక్క మాట అంటే నా బండారం బయటపడేది. ఆవిడ నావైపు చూసింది గాని ఏమీ అనలేదు. రైలు వెళ్లేదాకా నేనూ కొట్టు మెట్లు దిగి కారు దాకా ఆ నాలుగడుగులు వేయలేదు.