నాడి చూసిన చెయ్యి

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. గాలికి తలుపు కొట్టుకున్నా దయ్యమే అనే మా అత్తను నేను ఆటపట్టించినంతగా ఇంకెవరూ ఆటపట్టించి ఉండరు. ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ కిందటేడు నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను టైలరింగ్ నేర్పిస్తాను. ఆదోని రోడ్డులో ఒక పాత క్రైస్తవ మిషన్ ఆస్పత్రి ఉంది. అది మూతపడి చాలా ఏళ్లయింది. దాన్ని బాగుచేసి చుట్టుపక్కల జనానికి చదువుల సెంటర్‌గా మార్చారు. ఆపరేషన్ గది లైబ్రరీ అయింది. మందులిచ్చే కిటికీ దగ్గర ఇప్పుడు కంప్యూటర్ క్లాసుకు పేర్లు రాసుకుంటారు. ఆడవాళ్ల వార్డు నా కుట్టు క్లాసు. రాతి గోడలు, ఎత్తైన కిటికీలు అట్లాగే ఉంచారు. మంచాలు పోయి కుట్టుమిషన్లు వచ్చాయి, అంతే.

పేరు మారినా జనం మారలేదు. బస్సు కండక్టర్ ఇప్పటికీ "ఆస్పత్రి దిగేటోళ్లు రాండప్పా" అని పిలుస్తాడు. పల్లెల నుంచి ముసలివాళ్లు జ్వరమొచ్చిన పిల్లల్ని చంకనేసుకుని వచ్చి డాక్టరమ్మ ఉందా అని అడుగుతారు. నా క్లాసుకొచ్చే ఆడవాళ్లయితే సాయంత్రం పోయేటప్పుడు "పోయొస్తాం" అనరు. మొదట్లో మర్యాద తెలియని మనుషులనుకున్నాను. ఆస్పత్రిలో ఆ మాట అంటే మళ్లీ రావాల్సి వస్తుందట, అందుకని అనరట. తెలిశాక నవ్వుకున్నాను.

వాళ్లలో మరియమ్మ అని కూలికి పోయే మనిషి ఉంది. చేలల్లో పనుల్లేని రోజుల్లో జాకెట్లు కుట్టడం నేర్చుకునేది. ఒక మధ్యాహ్నం కిటికీ పక్క మిషన్ మీద కుడుతూ కుడుతూ ఆగిపోయింది. తన ఎడమ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. ఏమైందన్నాను.

"ఎవరో నా సెయ్యి పట్టుకున్నారక్కా. తడి సెయ్యి. కాసేపు పట్టుకోని ఇడ్సిపెట్టినారు."

"మీ ఆయన గుర్తొచ్చినాడేమోలే, కుట్టు" అన్నాను. అందరూ నవ్వారు. మరియమ్మ కూడా నవ్వింది.

కొన్నాళ్లకే ఆమె చేనులో పడిపోయింది. కర్నూలుకు తీసుకుపోతే గుండెలో వాల్వు చెడిపోయిందన్నారు. ఆపరేషన్ చేశారు, బతికింది. నేను చూడ్డానికి పోతే ఆమె ఆ చెయ్యి సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కూడా. మా అమ్మాయి శ్రావణి అప్పటికింకా సెంటర్ గడప తొక్కలేదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే పిల్ల ఎక్కడో విని ఊహించుకుందని నాకు చాలామంది చెప్పారు.

శ్రావణి ఇంటర్ అయ్యాక అక్కడే కంప్యూటర్ క్లాసులో చేరింది. క్లాసు వదలగానే నా దగ్గరకొచ్చి కూర్చునేది, ఇద్దరం కలిసి బస్సెక్కేవాళ్లం. ఆ రోజు మంచి ఎండ. క్లాసు వాళ్లందరూ వెళ్లిపోయారు. నేను బల్ల మీద గుడ్డ కత్తిరిస్తున్నాను, అది కిటికీ పక్కన ఫోన్ చూసుకుంటోంది. ఎందుకో తలెత్తి చూశాను. దాని ఎడమ చెయ్యి మిషన్ బల్లకు జానెడు పైన గాలిలో ఉంది. తనంతట తాను ఎత్తి పెట్టుకున్నట్టు లేదు. మణికట్టు కింద ఎవరో ఆసరా ఇస్తే వేళ్లు కిందికి వాలినట్టు ఉంది. డాక్టర్‌కు చెయ్యి ఇస్తాం చూడండి, అట్లా. కాసేపటికి చెయ్యి మెల్లగా బల్ల మీదికి దిగింది.

"అమ్మా, నా చెయ్యి పట్టుకునింది ఎవరు?" అంది.

నేను పరిగెత్తిపోయి పట్టుకున్నాను. మణికట్టు తడిగా ఉంది. నా కొంగుతో నేనే తుడిచాను. పాత ఆస్పత్రుల్లో వచ్చే ఎర్రసబ్బు వాసన. ఆ హాల్లో కుళాయి లేదు, దాని దగ్గర నీళ్ల సీసా కూడా లేదు.

ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను. మా ఆయన పుట్టింది ఆ వార్డులోనే. "ఆ నర్సమ్మల సేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాండె. మంచం మంచానికీ సెయ్యి కడుక్కోని నాడి సూసేటోళ్లు" అంది మనవరాలి వైపు చూస్తూ. ఆమె ఎప్పట్లా దయ్యం అని ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

మర్నాడే ఆదోనికి తీసుకుపోయాను. ఈసీజీ తీశారు, గుండె స్కానింగ్ చేశారు, రక్తం చూశారు. అన్నీ బాగున్నాయి. పిల్లకేం ఇబ్బంది అని డాక్టర్ అడిగితే ఏం చెప్పను? ఎవరో నాడి చూసి పోయారండీ అనలేను కదా. ఆయాసమని అబద్ధమాడాను. కర్నూలులో ఇంకోసారి చూపిస్తే అక్కడా ఏమీ లేదన్నారు. ఏమీ లేదని వింటే తల్లి ప్రాణం కుదుటపడాలి. నాకు పడలేదు. ఏమీ లేదా, ఇంకా కనపడలేదా?

క్లాసు మానుకోమన్నాను. వినలేదు. "ఇంత నేర్చుకున్నాక ఇప్పుడు మానుకోమంటావేందిమా? ఆ చెయ్యి నన్నేం చేసింది? మెల్లగా పట్టుకుని, మెల్లగా పెట్టింది" అంది. దానికి భయం లేదు. దాని భయం కూడా నేనే పడుతున్నాను.

తర్వాత చాలా మధ్యాహ్నాలు అందరూ పోయాక ఆ కిటికీ పక్కన నేను కూర్చున్నాను. ఎడమ చెయ్యి చాపి బల్ల మీద పెట్టుకుని. చూడాల్సిందేదో నన్ను చూడు, పిల్లను వదిలెయ్ అని నోరు తెరిచి అడిగాను. దయ్యాలను నమ్మని మనిషిని, ఖాళీ హాలును బతిమాలుకున్నాను. నా చెయ్యి ఎవరూ ముట్టుకోలేదు.

శ్రావణి బాగానే ఉంది. ఆ చెయ్యి ఎవరిదో, జబ్బు ఉందని చూసి పోయిందో, లేదని చూసి పోయిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా కనపడటం లేదు.

రోజూ సాయంత్రం బస్సులో దాని చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకుంటాను. "ఈ మధ్య నా మీద ప్రేమ ఎక్కువైందిమా నీకు" అని నవ్వి, నా భుజం మీద తల వాల్చి నిద్రపోతుంది. నా వేళ్లు దాని మణికట్టు మీదే ఉంటాయి. ఊరొచ్చేదాకా నాడి లెక్కపెడతాను. బస్సు కుదుపుకు లెక్క తప్పితే మళ్లీ మొదలుపెడతాను.